ముడివడిన పద్దులు

బజారులో కొట్టు పెట్టిన వర్తకుడు పగలంతయు జరిగిన బేరములను వరుసగా చిట్టాలో వ్రాసికొనును. రాత్రి కొట్టు కట్టివేయుటకు ముందు ఆ చిట్టాను దగ్గర పెట్టుకొని, ఎవరి పద్దును వారి ఖాతాకు ఆవర్జాలో ఎక్కించును. చిట్టాలోని పద్దు ఆవర్జాకు ఎక్కకపోయినచో బాకీ మునుగును. రెండుమారులు ఎక్కినచో ఖాతాదారుతో తగవు వచ్చును. ఒకే సంగతి రెండు పుస్తకములలో ఉన్నప్పుడు ఆ రెండును ఒకే మాట చెప్పవలెను. చూచుటకు ఇది చిన్న నియమము. దీనిని నిలుపుకొనుటకు మానవుడు పడిన శ్రమకు మాత్రము అయిదువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

ఈనాడు వంతెనలు, ఆసుపత్రులు, కర్మాగారములు కట్టు పెద్ద పనుల లెక్కలన్నియు కంప్యూటర్లలో నడచుచున్నవి. ఇంజనీరు తన పట్టికలో ఒక తేదీని మార్చిన మరుక్షణమున మేస్త్రీ పట్టికలోను, సిమెంటు తెప్పించు గుమాస్తా పట్టికలోను, బిల్లులు చెల్లించు అకౌంటెంటు పట్టికలోను సంబంధించిన తేదీలు కదలును. ఒక పద్దు కదిలినప్పుడు దానితో ముడివడిన పద్దులన్నియు కలసి కదలుట ఎట్లు సాధ్యమైనదో, అది ఎక్కడ నేటికిని తడబడుచున్నదో ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

లెక్కల పుస్తకములలోని ముడిని శాస్త్రీయముగా వివరించి అచ్చువేయించినవాడు ఇటలీ దేశీయుడైన లూకా పచోలీ. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, గణితశాస్త్ర బోధకుడు. 1494లో వెనిస్ నగరమున అచ్చయిన తన గణిత గ్రంథములో, అక్కడి వర్తకులు అప్పటికే వాడుచుండిన జంటపద్దుల విధానమునకు ఆయన ఒక ప్రకరణమును కేటాయించెను. ప్రతి వ్యవహారమును రెండు ఖాతాలలో వ్రాయవలెను: ఒకచోట ఖర్చు, మరొకచోట జమ. కడపట రెండువైపుల మొత్తములు సరిపోలవలెను. సరిపోలనిచో ఎక్కడనో ఒక పద్దు తన జతను కోల్పోయినదన్నమాట. తప్పు ఎక్కడ ఉన్నదో ఈ విధానము చెప్పలేదు గాని, తప్పు ఉన్నదని సాధారణముగా చెప్పగలదు.

మన పల్లెలలో కరణముగారి దస్త్రములందును ఇట్టి ముడియే ఉండెడిది. ఒక లెక్క సర్వే నంబరుల వరుసన ఉండును. మరియొకటి పట్టాదారుల వరుసన ఉండును. పొలము చేతులు మారినప్పుడు ఒకరి పేరున తీసివేసి ఇంకొకరి పేరున చేర్చవలెను. రెండు లెక్కలలోను ఆ మార్పు పడవలెను. 1984లో ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామోద్యోగముల పద్ధతి రద్దగువరకు ఈ పని ఒక్క కుటుంబము చేతిమీదుగా నడచెడిది. ఒకచోట మారి మరొకచోట మారకపోయిన పద్దు ఎన్ని దావాలకు దారితీయగలదో పల్లెలు ఎరిగినవారికి మేము చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినవి సొమ్మునకు, ఆస్తికి సంబంధించిన ముడులు. పనుల మధ్య ముడి వేరు విధమైనది. అది కాలముతో వేసిన ముడి. పునాది ముగియనిదే గోడ లేవదు; గోడ లేవనిదే కప్పు పడదు. ఒక పని వెనుకబడినచో దాని మీద ఆధారపడిన పనులన్నియు వెనుకబడును. ఈ ముడిని కాగితము మీద పట్టి చూపినవారిలో మొదటగా చెప్పుకొనదగినవాడు కారోల్ ఆడమియెట్స్కీ అను పోలండు ఇంజనీరు.

ఆడమియెట్స్కీ 1866లో జన్మించెను. ఆనాటి రష్యా సామ్రాజ్యములోని ఉక్కు కర్మాగారములలో, ఇనుమును సాగదీయు మిల్లులలో ఆయన పనిచేసెను. ఒక యంత్రము దగ్గర పని ఆలస్యమైనచో, తరువాతి యంత్రము దగ్గర పనివారు ఊరక నిలిచిపోవుట ఆయన కనిపెట్టెను. ఎవరికి వారు బాగుగనే పనిచేయుచున్నను, వారి మధ్య పొందిక లేకపోవుటచే కాలము వృథాయగుచున్నదని గ్రహించెను. 1896లో ఆయన కల్పించిన సాధనము పేరు హార్మోనోగ్రామ్; సమన్వయ పటము అని మనము అనుకొనవచ్చును. 1903లో ఎకతెరినోస్లావ్ నగరమున, అనగా నేటి యుక్రెయినులోని ద్నీప్రోలో, ఇంజనీర్ల సభ ఎదుట దానిని వివరించెను.

ఆ పటము కాగితపు పట్టీలతో కూర్చినది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పట్టీ. పట్టీ మీద ఆ పని దేని తరువాత మొదలు కావలెనో, దేనికి ముందు ముగియవలెనో వ్రాసి ఉండును. ఎంతకాలము పట్టునో తెలుపు ఒక చిన్న బిళ్ల ఆ పట్టీ మీద పైకి క్రిందికి జరుగును. ఒక బిళ్లను జరిపినప్పుడు, పట్టీ మీది గుర్తులను చదువుచు పోయి, దాని మీద ఆధారపడిన బిళ్లలన్నిటిని జరుపవలెను. ముడి కంటికి కనబడుచున్నది. దానిని అనుసరించి కదపవలసినది మాత్రము మనుష్యుని చేయి. అయినను ఈనాటి కంప్యూటరు చేయుచున్నది సారాంశమున ఇదియే. ఆడమియెట్స్కీ వ్రాతలు పోలిష్, రష్యన్ భాషలలో ఉండిపోయినందున పశ్చిమ దేశములవారి దృష్టికి చాలకాలము రాలేదు. ఆయన 1933లో మరణించెను.

లోకమంతటను వ్యాపించిన పటము వేరొకటి. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910 తరువాతి సంవత్సరములలో ప్రచారములోనికి తెచ్చిన అడ్డుగీతల పటమది. తేదీలు పైన, పనులు ప్రక్కన. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గీత. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఆయుధముల తయారీలోను, ఓడల నిర్మాణములోను అమెరికా ప్రభుత్వమువారు దీనిని వాడిరి. చదువు తక్కువైన మేస్త్రీకి కూడ అది ఒక్క చూపున అర్థమగును. కాని దానిలో ఒక లోపము ఉండెను. గీతలు ఉన్నవి గాని, గీతకు గీతకు మధ్య ముడి లేదు. పునాది గీతను నాలుగు దినములు పొడిగించినచో గోడ గీత తనంత తాను కదలదు. ఏయే గీతలు కదలవలెనో పటము గీసినవాని తలలోనే ఉండును. ఆతడు సెలవుమీద పోయినచో ఆ జ్ఞానమును ఆతనితోనే పోవును.

ఆ ముడి మరల వెలుగులోనికి వచ్చుట 1957లో జరిగినది. అమెరికాలోని డ్యుపాంట్ రసాయనిక సంస్థకు చెందిన మోర్గన్ వాకర్, కంప్యూటర్లు తయారుచేయు రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలసి, పనుల వలను యూనివాక్ కంప్యూటరుతో లెక్కకట్టు పద్ధతిని రూపొందించిరి. క్రిటికల్ పాత్ మెథడ్ అని దానికి పేరు. మనము దానిని కీలకమార్గ పద్ధతి అందము.

మన ఇంటి కట్టుబడినే ఉదాహరణముగా తీసికొందము. పునాదికి 10 దినములు, గోడలకు 20, కప్పునకు 15. వెరసి 45 దినములు. ఇవి ఒకదాని వెంట ఒకటి సాగవలసినవి. వడ్రంగి తన కొట్టులో తలుపులు చేయుటకు 12 దినములు చాలును. వానిని బిగించుట కప్పు ముగిసిన తరువాత. కనుక వడ్రంగి 33 దినములు ఆలస్యము చేసినను ఇల్లు ఆలస్యము కాదు. పునాది ఒక్క దినము ఆలస్యమైనను ఇల్లు ఆలస్యమగును. పునాది, గోడ, కప్పు అను వరుసయే కీలకమార్గము. ఇప్పుడు పునాదికి నాలుగు దినములు అదనముగా పట్టెననుకొందము. గోడలు, కప్పు, తలుపులు బిగించుట అన్నియు నాలుగేసి దినములు జరుగును. అంతియే కాదు, వడ్రంగికి ఉన్న వెసులుబాటు 33 నుండి 37 దినములకు పెరుగును. ఒక్క అంకె మారిన, పనిని ముట్టని వాని లెక్క కూడ మారినది. పనులు నాలుగయినచో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నాలుగు వందలైనచో యంత్రమే కావలెను. లూయీవిల్‌లోని డ్యుపాంట్ కర్మాగారమున మరమ్మతులకై యంత్రములను ఆపివేయు కాలము ఈ పద్ధతి వలన 125 గంటలనుండి 93 గంటలకు తగ్గెను.

మరుసటి సంవత్సరము, 1958లో, అమెరికా నౌకాదళమువారు పొలారిస్ క్షిపణి నిర్మాణమునకై ఇట్టిదే అయిన పెర్ట్ అను పద్ధతిని ఏర్పరచిరి. వేలకొలది సంస్థలు భాగములు తయారుచేయుచుండిన పని అది. ఒక్కొక్క పనికి ఎంతకాలము పట్టునో నిశ్చయముగా తెలియదు గనుక, త్వరగా అయినచో ఎంత, సాధారణముగా ఎంత, ఆలస్యమైనచో ఎంత అని మూడు అంచనాలను తీసికొనిరి. 1960 జులై 20న జలాంతర్గామి నీటిలో మునిగి ఉండగనే పొలారిస్‌ను విజయవంతముగా ప్రయోగించిరి. పెర్ట్ కీర్తి దేశదేశములకు ప్రాకెను.

అయితే, హార్వీ సపోల్‌స్కీ అను పండితుడు 1972లో ప్రచురించిన గ్రంథములో ఈ కథకు మరొక వైపును చూపెను. పొలారిస్ విజయమునకు పెర్ట్ పటములు చేసిన సాయము ప్రచారమైనంత లేదనియు, బయటివారి జోక్యమునుండి ఆ పనిని కాపాడుటకే అవి ఎక్కువ ఉపయోగపడెననియు ఆయన నిర్ణయము. పటములోని ముడులు ఎంత చక్కగా ఉన్నను, పనిచేయు చోటునుండి నిజమైన వార్త వచ్చి అందులో చేరనిచో ఆ పటము గోడకు అలంకారము మాత్రమే.

ముడులను లెక్కించుట యంత్రమునకు అలవడిన పిదప, రికార్డులను ఎట్లు దాచవలెనను ప్రశ్న వచ్చినది. చంద్రునిపైకి మనుష్యులను పంపిన అపోలో యత్నమున వాహన భాగముల జాబితాయే ఒక మహారణ్యము. దానిని నిర్వహించుటకు ఐ.బి.ఎం. సంస్థ, రాక్‌వెల్, కాటర్‌పిల్లర్ సంస్థలతో కలసి ఒక ఏర్పాటును సిద్ధపరచెను. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమున అది తొలిసారిగా పనికి సిద్ధమైనది. వృక్షమునకు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు ఉన్నట్లు, పెద్ద భాగము క్రింద చిన్న భాగములు అమర్చిన పద్ధతి అది. ఒకే మర రెండు కొమ్మలకు చెందినప్పుడు వచ్చును చిక్కు.

ఆ చిక్కునకు సమాధానము 1970 జూనులో వెలువడినది. ఇంగ్లండున జన్మించి, కాలిఫోర్నియాలోని ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ వ్రాసిన వ్యాసమది. సమాచారమునంతయు సాధారణమైన పట్టికలుగా అమర్చవలెననియు, ఒక పట్టికలోని వరుసను మరొక పట్టిక దాని గుర్తుసంఖ్యతో ప్రస్తావింపవలెననియు ఆయన సూచించెను. ఒకే సంగతి పలుచోట్ల ఉండుట, ఆ చోట్లన్నియు ఒకదానితో నొకటి సరిపడి ఉండుట అను విషయమునకే ఆ వ్యాసములో ఒక భాగమును కేటాయించెను. మేస్త్రీ పేరును నూరు పనుల దగ్గర నూరుమారులు వ్రాయుటకు బదులు, మేస్త్రీల పట్టికలో ఒక్కమారు వ్రాసి, పనుల దగ్గర ఆతని సంఖ్యను మాత్రము ఉంచవలెను. మేస్త్రీ మారినప్పుడు మార్చవలసినది ఒక్కచోటనే. ముడివడిన పద్దులు కలసి మారుటకు ఇంతకన్న సులువైన మార్గము లేదు. సంగతి ఒక్కచోటనే ఉన్నప్పుడు భేదమునకు తావెక్కడిది?

కాని కొన్ని మార్పులు ఒక్కచోట ముగియవు. బ్యాంకులో ఒకరి ఖాతానుండి తీసి మరొకరి ఖాతాకు జమకట్టవలెను. తీసిన తరువాత, జమకట్టుటకు ముందు, కరెంటు పోయినచో సొమ్ము ఏమి కావలెను? ఇట్టి జంట మార్పును ఒకే కార్యముగా భావింపవలెను. జరిగినచో రెండును జరుగవలెను, లేనిచో రెండును జరుగరాదు. ఈ భావమును శాస్త్రముగా తీర్చినవారిలో అగ్రగణ్యుడు జిమ్ గ్రే. రికార్డులు వేర్వేరు యంత్రములలో ఉన్నప్పుడు అనుసరించు రెండంచెల ఒప్పందమును ఆయన 1978 నాటి రచనలో వివరించెను. మధ్యవర్తిగానున్న యంత్రము మొదట అందరిని ‘సిద్ధమా?’ అని అడుగును. అందరును ‘సిద్ధము’ అన్న తరువాతనే ‘వ్రాయుడు’ అని ఆజ్ఞ ఇచ్చును. ఒక్కరు కాదన్నను అందరును తమ పాత పద్దునే నిలుపుకొందురు.

మన దేశములోని కుటుంబములన్నిటికిని పరిచయమైన ఉదాహరణము రైలు రిజర్వేషను. పూర్వము బెర్తులు పెద్ద పుస్తకములలో చేతివ్రాతతో నమోదగుచుండెడివి. ఏ స్టేషను కోటా ఆ స్టేషనుది; ఒక ఊరిలో బెర్తులు మిగిలి ఉండగనే మరొక ఊరిలో లేవని చెప్పవలసివచ్చెడిది. 1985-86లో క్రొత్త ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. 1994లో సికిందరాబాదున కాన్సర్ట్ అను నూతన ఏర్పాటు తొలుత అమలులోనికి వచ్చెను. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికిందరాబాదు కేంద్రములైదును ఒకే వలగా ముడివడినవి. ఇందులోని కిటుకు గమనింపదగినది. ప్రతి రైలునకు ఒక కేంద్రమే యజమాని. ఎక్కడ టిక్కెట్టు కొన్నను ఆ కేంద్రములోని పద్దే మారును. ఒకే బెర్తును ఒకేసారి ఇద్దరికి ఇచ్చు ప్రమాదమును తప్పించునది ఈ ఒంటి యాజమాన్యమే.

ఇక ఈనాటి చిక్కు వేరు. ఒకే నిర్మాణమునకు ఇంజనీర్లు ఒక ఏర్పాటును, కంట్రాక్టరు మరొకదానిని, జమాఖర్చులవారు ఇంకొకదానిని వాడుదురు. మూడింటికిని వేర్వేరు యజమానులు. వీనిని ఒకదానితో నొకటి సరిచూచుకొనునట్లు చేయుటయే నేటి పని. అందుకు కొన్ని జాగ్రత్తలు ఏర్పడినవి. మొదటిది గుర్తింపు. ‘గోడ పని’ అను పేరు రెండుచోట్ల ఉన్నంతమాత్రమున అది ఒకే పని కాదు. ఈ పట్టికలోని ఏ సంఖ్య ఆ పట్టికలోని ఏ సంఖ్యకు సాటియో ముందుగా వ్రాసియుంచవలెను. రెండవది వరుస. ముందు పెద్ద పనిని, పిదప దానిలోని చిన్న పనులను, కడపట వాని మధ్య ముడులను పంపవలెను. ఇంకను చేరని పద్దునకు ముడి వేసినచో ఆ ముడి గాలిలో వ్రేలాడును. మూడవది, ఒకే వార్త రెండుమారులు చేరినను ఫలితము ఒక్కటే కావలెను. ‘పది రూపాయలు కలుపుము’ అను వార్త రెండుమారులు అందినచో ఇరువది కలియును. ‘నిలువ నూరు రూపాయలు’ అను వార్త ఎన్నిమారులు అందినను నూరే. నాలుగవది ప్రతిధ్వని. ఒక యంత్రము పంపిన మార్పును రెండవది అందుకొని, తనలో మార్పు వచ్చినదని తలచి మరల మొదటిదానికి పంపినచో ఆ రాకపోకలకు అంతముండదు. మైకు ఎదుట లౌడ్‌స్పీకరు పెట్టినప్పుడు పుట్టు కూత ఎట్టిదో రేడియో ఉద్యోగులమైన మాకు బాగుగ తెలియును. ఇదియు అట్టిదే.

అయిదవది అన్నిటికన్న కఠినము. ఒకే పద్దును ఇద్దరు ఒకేసారి రెండు విధములుగా మార్చినచో ఏది నిలువవలెను? వెనుక వ్రాసినదే నిలుచునందమా, ఏది వెనుక వ్రాసినదో తెలియుట సులభము కాదు. ఏ రెండు గడియారములును సరిగా ఒకే కాలము చూపవు. గడియారములను నమ్మక, ఏ వార్త ఏ వార్తకు కారణమైనదో దానినిబట్టి ముందువెనుకలు నిర్ణయించు మార్గమును లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపెను. రెండు కేంద్రముల మధ్య తీగ తెగినప్పుడు, పనిని ఆపి అయినను ఉండవలెను, లేదా కొంతకాలము రెండు పుస్తకములు రెండు మాటలు చెప్పుటకు ఒప్పుకొని అయినను ఉండవలెను. ఈ సంగతిని ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించెను. 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ అనువారు గణితమున నిరూపించిరి. ఎంత వేగముగల యంత్రమును కొన్నను ఈ చిక్కును దాటలేము.

చదువరులు చేతబట్టియున్న ఈ పత్రికలోని కార్యక్రమ పట్టికనే చూడుడు. ఒక ప్రసంగము తేదీ మారినచో స్టూడియో కేటాయింపును, కళాకారుల ఒప్పందమును, అనౌన్సరు చేతి కాగితమును మార్చగలము. అచ్చయి ఇంటింటికి చేరిన పట్టికను మార్చలేము. అందుచేతనే కార్యక్రమములలో మార్పులను గాలిలో ప్రకటించు ఆచారము ఏర్పడినది. అన్ని ప్రతులును ఒకేసారి మారలేనప్పుడు, ఏది ప్రమాణమో అందరికిని తెలియుట ముఖ్యము.

ఈ చరిత్రనంతయు తిరిగి చూచినప్పుడు మాకు ఒక సంగతి స్పష్టముగా తోచుచున్నది. ముడులు వేయుట, వానిని క్షణములో కదపుట యంత్రములు నేర్చినవి. ఏ పద్దునకు ఎవరు బాధ్యులో నిర్ణయించుట నేటికిని మనుష్యుల వంతే. తేదీలకు ఇంజనీరు, చెల్లింపులకు అకౌంటెంటు, హాజరీకి మేస్త్రీ అని ముందుగా ఒప్పందము లేనిచో యంత్రము ఎవరి మాటను నిలుపవలెను? పైగా యంత్రమునకు నిజమునందును, అబద్ధమునందును సమానమైన శ్రద్ధ. మేస్త్రీ ఒక కూలివాని హాజరీని పొరపాటున కొట్టివేసినచో, పూర్వము ఆ తప్పు ఆ ఒక్క పుస్తకములో ఉండెడిది. మరునాడు మొరపెట్టుకొన్నచో దిద్దెడివారు. ఇప్పుడది తక్షణమే జీతముల పట్టికకు, బ్యాంకునకు, వారాంతపు నివేదికకు ప్రాకును. అన్ని పుస్తకములును ఒకే మాట చెప్పుచుండుటచే ఆ కూలివాని మాట వినువారు ఉండరు. పద్దులన్నియు ఏకీభవించుట నిజమునకు సాక్ష్యము కాదు. అవన్నియు ఒకే చేతినుండి వచ్చినవనుటకు మాత్రమే సాక్ష్యము.

కావున ఎవరు, ఎప్పుడు, దేనిని, ఏమని మార్చిరో చెరపరాని వరుసలో దాచియుంచు ఆచారమును మంచి ఏర్పాటులన్నియు పాటించుచున్నవి. పాత పద్దును తుడిచివేయక, దానిపై అడ్డగీత గీసి, ప్రక్కన క్రొత్త పద్దు వ్రాసి, వ్రాలు చేయుట మన గుమాస్తాలు చిరకాలముగా పాటించిన మర్యాదయే. ఏ కార్యాలయమునందైనను ఇట్టి ఏర్పాటును నెలకొల్పుటకు పూనుకొనువారు యంత్రపు వెల అడుగుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుట మేలు. ప్రతి పద్దునకు యజమాని ఎవరు? ఆ పద్దు తప్పని చెప్పుకొనుటకు వచ్చిన సామాన్యుడు ఎవరి యొద్దకు పోవలెను? ఈ రెంటికిని జవాబు దొరకిన చోటనే ముడివడిన పద్దులు మనుష్యులకు మేలుచేయును.